నా వంద రూపాయల్లో వందా అన్నానికే పోవాలా?

దానం గురించి ఎప్పుడు వీడియో పెట్టినా కింద ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఏ ట్రస్టుకి ఇస్తే మన డబ్బు మొత్తం పేదవాళ్లకే చేరుతుంది? జీతాలకీ, ఆఫీసు ఖర్చులకీ పోని చోటు ఏదైనా ఉంటే చెప్పండి."

అడిగేవాళ్ల మనసు మంచిదే. కష్టపడి సంపాదించిన డబ్బు ఎవరి ఏసీ గదికో పోకూడదని అనుకోవడం తప్పు కాదు. కానీ ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం దాక్కుని ఉంది. పేదవాడి కంచంలోకి నేరుగా వెళ్లిన రూపాయికే పుణ్యం ఉందని, వడ్డించే మనిషి జీతానికి వెళ్లిన రూపాయి దారిలో కారిపోయిందని. ఆ నమ్మకం మన ధర్మం చెప్పిందేనా? ఈ వారం పోస్టులో దాని గురించే మాట్లాడుకుందాం.

గీత అడిగే ప్రశ్నలు వేరు

భగవద్గీత 17వ అధ్యాయంలో 20 నుంచి 22 వరకు ఉన్న మూడు శ్లోకాలు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాయి. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, సరైన చోట, సరైన సమయంలో, అర్హత ఉన్నవారికి ఇచ్చేది సాత్విక దానం. ప్రతిఫలం కోసమో, మనసులో బాధపడుతూనో ఇచ్చేది రాజసం. చోటూ వేళా చూడకుండా, తగనివారికి, చులకనగా విసిరేసేది తామసం.

జాగ్రత్తగా చూస్తే ఇందులో శాతాల లెక్క లేదు. దేశం, కాలం, పాత్ర అని మూడు పరీక్షలు, ఇచ్చేవాడి మనసు ఎలా ఉందన్న నాలుగో పరీక్ష, అంతే. "పాత్ర" అంటే అర్హత. ఇప్పటి రోజుల్లో మనం ఒక మనిషి చేతిలో నేరుగా పెట్టేదానికంటే ఒక సంస్థకి యూపీఐ కొట్టేదే ఎక్కువ. అంటే పాత్రత చూడాల్సింది ఆ సంస్థలోనే. ఆ సంస్థ పని సరిగ్గా చేస్తోందా, పదేళ్లు నిలబడగలదా, దాని చేతిలో ఉన్న పిల్లలు భద్రంగా ఉన్నారా అనేవి పాత్రతకి సంబంధించిన ప్రశ్నలు. "జీతాలకి ఎంత పోతోంది" అనే ఒక్క ప్రశ్న వీటన్నిటికీ సమాధానం చెప్పలేదు.

దక్షిణ ఇవ్వని యజ్ఞం

అదే అధ్యాయంలో కాస్త ముందుకి, 13వ శ్లోకానికి వెళ్దాం. తామస యజ్ఞం అంటే ఏమిటో అక్కడ ఉంది. విధి లేనిది, అన్నం పంచనిది, మంత్రం లేనిది, శ్రద్ధ లేనిది, వాటితో పాటు దక్షిణ లేనిది.

నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. అన్నం పంచకపోవడాన్నీ, పని చేసినవాడికి దక్షిణ ఇవ్వకపోవడాన్నీ గీత పక్కపక్కనే పెట్టింది. "దక్షిణ డబ్బు మిగిల్చి ఇంకో పది మందికి అన్నం పెట్టాం, మా యజ్ఞం గొప్పది" అనే అవకాశమే ఇవ్వలేదు. రెండూ ఉండాలి. ఏది లేకపోయినా తామసమే.

మన ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తే పంతులుగారికి సంభావన ఇచ్చి కాళ్లకి దండం పెడతాం. ఆయన డబ్బు తీసుకున్నారు కాబట్టి ఆయన చదివిన మంత్రంలో భక్తి లేదని ఎవరం అనం. మరి అనాథ పిల్లల హోమ్‌లో రాత్రంతా మేలుకుని, జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద తడిగుడ్డ వేసే ఆవిడ నెల జీతం తీసుకుంటే "ఇది సేవ ఎలా అవుతుంది, ఉద్యోగం కదా" అని ఎందుకు అంటాం? సోషల్ వర్క్‌లో రెండేళ్ల పీజీ చేసి వచ్చిన అమ్మాయి తన ఇంటి అద్దె కట్టుకోవాలి, అమ్మకి మందులు కొనాలి. మనకి మాత్రం ఏటా హైక్ రావాలి, ఆమెకి మాత్రం సేవాభావం సరిపోవాలి అనుకోవడం న్యాయంగా లేదు.

బలి చక్రవర్తి, శుక్రాచార్యుడి లెక్క

వామన చరిత్ర మనందరికీ తెలుసు. మూడడుగులు అడిగినవాడు విష్ణువే అని తెలిసి కూడా బలి ఇచ్చేశాడు. వద్దన్న గురువు మాట వినలేదు. ఆ కథలో మన చప్పట్లన్నీ బలికే. సరైనదే.

అయితే భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు చెప్పిన మాటలు ఒకసారి విడిగా వినండి. జీవనాధారాన్నే దెబ్బతీసే దానాన్ని పెద్దలు మెచ్చుకోరని అంటాడు. ఉన్న ధనాన్ని ఐదు భాగాలు చేసుకోమంటాడు. ధర్మానికి ఒకటి, కీర్తికి ఒకటి, ఇంకా సంపాదించడానికి పెట్టుబడిగా ఒకటి, సొంత సుఖానికి ఒకటి, అయినవాళ్లకి ఒకటి. ఆ సందర్భంలో ఆయన ఉద్దేశం బలిని ఆపడం కాబట్టి ఆయన మాట ఓడిపోయింది. లెక్క మాత్రం తప్పు కాదు. రేపు కూడా ఇవ్వగలగాలంటే ఇవాళ అంతా ఇచ్చేయకూడదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బలి ఇచ్చింది తన సొంతది. తన రాజ్యం, తన తల. ఒక ట్రస్టు నడిపేవాడు ఇచ్చేది తనది కాదు. గుడిని నిర్వహించేవాళ్లకి మన భాషలో ఉన్న మాట చూడండి: ధర్మకర్త. యజమాని అనలేదు. ఇతరుల డబ్బు చేతిలో పెట్టుకుని, అరవై మంది వృద్ధుల బాధ్యత నెత్తిన పెట్టుకున్న ధర్మకర్త "ఈ నెల వచ్చిందంతా ఈ నెలే పంచేశాం" అంటే మనకి ముచ్చటగా ఉంటుంది. కానీ వచ్చే నెల విరాళాలు రాకపోతే ఆ అరవై మంది ఎక్కడికి పోతారు? దాత బలిలా ఉండొచ్చు. ధర్మకర్తకి మాత్రం శుక్రుడి లెక్క వచ్చి తీరాలి.

మన చట్టం కూడా దాదాపు ఇదే లెక్క పట్టుకుంది. ఆదాయపు పన్ను మినహాయింపు పొందే ధార్మిక సంస్థ తన ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాది తన పనికే వాడాలన్నది సాధారణ నియమం. మిగతా 15 శాతం దాచుకోవచ్చు. ముందుచూపుకి చోటు ఉంచింది, పోగేసుకుని కూర్చోవడానికి ఉంచలేదు.

అన్నం పెట్టడం వేరు, మనిషిని నిలబెట్టడం వేరు

పుట్టినరోజు వస్తే అనాథాశ్రమానికి వెళ్లి భోజనం పెట్టించడం మన ఊళ్లలో మంచి అలవాటు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఇలాంటి హోమ్ నడిపేవాళ్లని అడిగి చూడండి. ఆదివారం, పండగ రోజుల్లో భోజనాలకి పోటీ. ఒక్కోసారి ఒకే పూటకి ఇద్దరు దాతలు. మంగళవారం కరెంటు బిల్లుకి, నైట్ వార్డెన్ జీతానికి, పాడైన మోటారుకి దాత దొరకడు. ఎవరి పుట్టినరోజున ఎవరు "సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ నా తరఫున" అంటారు చెప్పండి?

అసలు విషయం ఏమిటంటే ఇలాంటి సేవల్లో ఖర్చులో పెద్ద భాగం మనుషులే. అన్నదానంలో డబ్బు బియ్యంగా మారుతుంది. పిల్లల హోమ్‌లో డబ్బు గంటలుగా మారుతుంది. ఇంటి నుంచి పారిపోయి రైల్వే స్టేషన్‌లో దొరికిన పిల్లాడు మొదటి వారం ఎవరితోనూ మాట్లాడడు. రోజూ అరగంట పక్కన కూర్చునే కౌన్సెలర్ కావాలి. వాడి ఊరు కనుక్కుని, ఇంటికి వెళ్లి, తిరిగి పంపడం క్షేమమో కాదో చూసే మనిషి కావాలి. చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు కాగితాలు పెట్టాలి. ఇవేవీ ఫొటోలో రావు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల హోమ్ ఏదైనా రిజిస్టర్ కావాలి. అలాంటి పిల్లల గుర్తింపు మీడియాలో బయటపెట్టడాన్ని అదే చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. కేకు పట్టుకుని ఆ పిల్లలతో దిగిన ఫొటో మన స్టేటస్‌లో పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాడి బతుకులో అత్యంత కష్టమైన రోజులు మన ఆల్బమ్‌లో బొమ్మ కాకూడదు.

నేను చేసే సాఫ్ట్‌వేర్ పనిలో కూడా ఇదే చూస్తుంటాను. యాప్‌లో కనిపించే బటన్ అందరికీ తెలుసు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి చూసేవాడు, బ్యాకప్ తీసేవాడు, టెస్టింగ్ చేసేవాడు ఎవరికీ తెలియరు. "బటన్‌కి మాత్రమే డబ్బిస్తాం, బ్యాకప్‌కి ఇవ్వం" అనే క్లయింటు ఉంటే ఆ యాప్ ఎన్నాళ్లు బతుకుతుందో మనకి తెలుసు. ఆశ్రమాల విషయంలో మాత్రం మనమే ఆ క్లయింటు అయిపోతున్నాం.

మన ప్రశ్న వాళ్లతో అబద్ధం ఆడిస్తోంది

ఇక్కడే అసలు ధర్మసంకటం ఉంది. 2009లో అమెరికాలో ఆన్ గాగిన్స్ గ్రెగరీ, డాన్ హోవర్డ్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్ సోషల్ ఇన్నోవేషన్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసం రాశారు. లాభాపేక్ష లేని సంస్థలు ఎలా ఆకలితో మాడిపోతాయో అందులో వివరించారు. దాతలు నిర్వహణ ఖర్చు చాలా తక్కువ ఉండాలని ఆశిస్తారు. సంస్థలు భయపడి ఆ ఖర్చు తగ్గిస్తాయి, తగ్గించలేనిదాన్ని లెక్కల్లో తక్కువ చేసి చూపిస్తాయి. ఆ అంకెలు చూసి దాతలు "ఇంత తక్కువలో అవుతుందన్నమాట" అనుకుంటారు. మళ్లీ మొదటికి వస్తుంది. వాళ్లు దగ్గరగా పరిశీలించిన సంస్థలు పైకి చెప్పిన నిర్వహణ ఖర్చు 13 నుంచి 22 శాతం. నిజంగా అయినది 17 నుంచి 35 శాతం. 2013లో అక్కడ స్వచ్ఛంద సంస్థలకి రేటింగ్ ఇచ్చే మూడు పెద్ద సంస్థలే దాతలకి బహిరంగ లేఖ రాసి, ఈ ఒక్క శాతం చూసి నిర్ణయం తీసుకోవద్దని కోరాయి.

మన దేశంలోనూ ఈ ఒత్తిడి ఉంది. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల్లో పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. కంపెనీల సీఎస్ఆర్ విషయంలో కంపెనీ తన సీఎస్ఆర్ నిర్వహణకి పెట్టుకునే ఖర్చు మొత్తంలో 5 శాతం దాటకూడదు. దుర్వినియోగం ఆపాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ ఏ పరిమితి అయినా పెద్ద సంస్థకి ఒకలా, ఇద్దరు ఉద్యోగులున్న చిన్న హోమ్‌కి ఇంకోలా తగులుతుంది. లెక్కలు రాసే మనిషి ఇద్దరికీ ఒక్కడే కావాలి మరి.

దానానికి పునాది శ్రద్ధ, సత్యం. మనం అడిగే ప్రశ్న వల్ల అవతలివాడు వాచ్‌మన్ జీతాన్ని "పౌష్టికాహారం" పద్దులో రాయాల్సి వస్తే, ఆ అబద్ధంలో మన వాటా లేదంటారా? అలా రాసినవాడి తప్పు పోదు. అన్నానికని ఇచ్చిన డబ్బు అన్నానికే వాడాలి, అది ధర్మకర్త సత్యం. నిజం చెబితే విరాళం ఆగిపోయే పరిస్థితి కల్పించకపోవడం దాత బాధ్యత. సత్యం రెండు వైపులా ఉండాలి.

ఖర్చు లేని సేవ అప్పుడు ఉండేదా?

"డొక్కా సీతమ్మగారికి ఏ ఆఫీసు ఉంది, ఏ అకౌంటెంట్ ఉన్నాడు?" అని ఎవరైనా అడగొచ్చు. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చిన బాటసారికి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన ఆ తల్లి (1841–1909) పేరు తలుచుకుంటేనే చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ ఆ సేవలో ఖర్చు లేదా? వెనక పండే పొలం ఉంది. భర్త జోగన్నగారి సేద్యం ఉంది. పొయ్యి దగ్గర ఆమె జీవితమంతా ఉంది. వాటికి ఎవరూ రసీదు రాయలేదు, అంతే. ఖర్చు సున్నా కాదు, ఆ ఖర్చంతా ఒక ఇల్లే మోసింది. అందరికీ పొలం లేదు, అందరూ సీతమ్మగారు కాలేరు. అందుకే పదిమంది కలిసి మోసే సంస్థలు కావలసి వచ్చాయి.

తిరుమల చూడండి. పల్లవ రాణి సామవై భోగ శ్రీనివాసమూర్తి విగ్రహాన్ని ఇచ్చినప్పుడు విగ్రహంతో ఊరుకోలేదు. ఉత్సవాలు, కైంకర్యాలు ఆగకుండా జరగడానికి భూములు కూడా ఇచ్చినట్టు గుడిలోని శాసనం చెబుతోంది. విగ్రహం ఇవ్వడం భక్తి, భూమి కూడా ఇవ్వడం భక్తితో కూడిన బుద్ధి. 1985 ఏప్రిల్‌లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన నిత్యాన్నదానం కూడా ఇదే దారి. విరాళాలు బ్యాంకులో డిపాజిట్ అవుతాయి, వాటి వడ్డీ అన్నం అవుతుంది. తరిగొండ వెంగమాంబ పేరుతో 2011లో ప్రారంభమైన భవనంలో మనం కూర్చుని తినే ముద్ద వెనక వంటవాళ్లు, స్టోరు, ఆడిట్, డిపాజిట్ అన్నీ ఉన్నాయి. దాన్ని మనం ప్రసాదం అనే కళ్లకి అద్దుకుంటాం. "ఇందులో నిర్వహణ ఖర్చు ఎంత" అని అడగం.

ఇంకో దారి మధురైలో కనిపిస్తుంది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్లకి రిటైరై, 1976లో 11 పడకలతో కంటి ఆసుపత్రి పెట్టారు. శ్రీ అరవిందుల భక్తుడు కాబట్టి ఆ పేరే పెట్టుకున్నారు. కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే ఆపరేషన్లు చేసిన మనిషి. డబ్బు కట్టగలిగినవాళ్ల ఫీజుతో కట్టలేనివాళ్లకి చూపు ఇవ్వడం ఆయన పద్ధతి. ఊళ్లలోని అమ్మాయిలకి శిక్షణ ఇచ్చి నేత్ర సహాయకులుగా తీసుకున్నారు. బయటి నుంచి వచ్చే ఖరీదైన లెన్సు పేదలకి అందడం లేదని 1992లో సొంతంగా లెన్సుల తయారీ మొదలుపెట్టారు. ధర ఎన్నో రెట్లు తగ్గింది. యంత్రాలు, శిక్షణ, ఫ్యాక్టరీ అన్నీ దాతల భాషలో "ఓవర్‌హెడ్"లాగే కనిపిస్తాయి. వాటివల్లే లక్షల మందికి చూపు వచ్చింది. మన హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కూడా కట్టలేనివాళ్లకి ఉచితంగా చూస్తారు.

ఇదే పద్ధతి అన్ని చోట్లా నడుస్తుందా అంటే, నడవదు. కంటిశుక్లం ఆపరేషన్ రోజుకి వందలు చేయొచ్చు, డబ్బు కట్టేవాళ్లూ వస్తారు. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన ఆడమనిషి దగ్గర ఫీజు తీసుకుని ఇంకొకరికి ఉచితంగా ఆశ్రయం ఇస్తాం అనలేం. అలాంటి చోట సమాజమే కట్టాలి. అంటే మనమే.

మరి దొంగల సంగతి?

ఉన్నారు. సేవ పేరు చెప్పి కార్లు కొనుక్కునేవాళ్లు ఉన్నారు. అందుకే కళ్లు మూసుకుని ఇవ్వమని గీత చెప్పలేదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. మోసగాడికి "మా దగ్గర నిర్వహణ ఖర్చు సున్నా" అని చెప్పడం చాలా తేలిక. కష్టమైనది ఆడిట్ రిపోర్టు చూపించడం. ఆడిట్ చేయించడానికి ఖర్చవుతుంది, రోజూ లెక్క రాయడానికి మనిషి కావాలి. అంటే దొంగతనాన్ని పట్టుకునేది కూడా మనం వద్దంటున్న ఆ ఖర్చే. అకౌంటెంట్ లేని చోట దొంగతనం జరగదని కాదు, జరిగినా బయటపడదు.

నా వరకు ఒక చిన్న కొలత పెట్టుకున్నాను. ఏ ఖర్చు చూసినా "ఇది తీసేస్తే ఆ పిల్లాడికి ఏం తగ్గుతుంది?" అని అడుగుతాను. వార్డెన్ జీతం తీసేస్తే వాడికి రాత్రి భద్రత తగ్గుతుంది. కౌన్సెలర్‌ని తీసేస్తే వాడి మాట వినేవాళ్లు ఉండరు. ఛైర్మన్‌గారి కారు తీసేస్తే? ఏమీ తగ్గదు. శాతం చెప్పలేని తేడా ఈ ప్రశ్న చెబుతుంది.

ఈ నెల నుంచి మనం చేయగలిగినవి

మొదటిది, ఒక సంస్థని ఎంచుకునే ముందు ఒకసారి వెళ్లండి. భోజనాల రోజు కాకుండా మామూలు రోజు వెళ్లండి. రిజిస్ట్రేషన్, ఆడిట్ చేసిన లెక్కలు అడగండి. నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో పేరు ఉందో లేదో చూడండి. ఎంతమంది పనిచేస్తున్నారు, ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడగండి. మనుషులు ఆరు నెలలకోసారి మారిపోయే హోమ్‌లో పిల్లలకి ప్రతి ఆరు నెలలకీ ఒక అమ్మ పోయినట్టే.

రెండోది, నమ్మకం కుదిరాక నెలనెలా ఇవ్వండి. ఏడాదికోసారి ఇచ్చే ఆరు వేల కంటే నెలకి ఐదొందలు ఆ ధర్మకర్తకి ఎక్కువ నిద్ర పట్టిస్తాయి. జీతాలు నెలనెలా ఇవ్వాలి కదా.

మూడోది, వీలైతే "మీకు ఏది అవసరమో దానికి వాడండి" అని రాసి ఇవ్వండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు పన్ను మినహాయింపు రసీదు అడగొచ్చు, రెండు వేలు దాటిన నగదుకి ఆ మినహాయింపు రాదు కాబట్టి ఆన్‌లైన్‌లో ఇవ్వండి. పన్ను తగ్గిందని దానం రాజసం అయిపోదు, దానికోసమే ఇస్తేనే అవుతుంది.

"నా ఐదొందలు ఏ మూలకి?" అనిపిస్తే మహాభారతం అశ్వమేధ పర్వంలో ముంగిస కథ గుర్తు చేసుకోండి. కరువులో ఒక పేద కుటుంబం తమ కోసం ఉంచుకున్న కాస్త పేలపిండి అతిథికి పెట్టేసింది. అక్కడ పొర్లితే సగం ఒళ్లు బంగారమైన ముంగిస, మిగతా సగం కోసం ధర్మరాజు అశ్వమేధానికి వచ్చింది. అంత పెద్ద యాగంలోనూ ఆ సగం మారలేదు. మొత్తం ఎంత అన్నది అక్కడ లెక్కలోకి రాలేదు.

ఆఖరుగా ఒక మాట. ఈసారి మీరు ఏ ఆశ్రమానికైనా వెళ్తే పిల్లలకి చాక్లెట్లు ఇచ్చాక, గుమ్మం దగ్గర నిలబడి ఉండే ఆ వార్డెన్ అమ్మ పేరు అడగండి. ఆమెకి జీతం ఈ నెల అందిందా అని నిర్వాహకుల్ని అడగండి. అందలేదని తెలిస్తే మీ దానం ఎక్కడికి పోవాలో మీకే అర్థమవుతుంది.

మీ ఆలోచనలు కింద రాయండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం. శుభం.